మహాబొరియకి తలూపినవాళ్ళు

ఒక పెద్ద అడవిలో... ఎంత పెద్దదని అడగరేం? తూర్పు కొసన ఏనుగు తుమ్మితే, పడమటి కొసన ఉన్న దాని మేనమామ "చిరంజీవ" అనేసరికి మధ్యలో ఒక వానాకాలం వచ్చి వెళ్ళిపోయేది. ఇందులో అబద్ధం ఉందనుకునేవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తిన చెయ్యి కథ అయ్యేదాకా దించకండి. చివర్లో సాక్షి పేరు వస్తుంది. అప్పుడు దించుదురుగాని.

ఆ అడవిలో నూకరాజు అనే అలుగు ఉండేవాడు. అలుగంటే తెలుసుగా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, పొడుగు మూతి, ముందుకాళ్ళకి గునపాల్లాంటి గోళ్ళు. తవ్వడంలో దాన్ని మించింది లేదు. భయమేస్తే మాత్రం బంతిలా చుట్టుకుపోతుంది. ఇక పిలిచినా పలకదు.

నూకరాజు తవ్వకం మామూలు తవ్వకం కాదు. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి పక్కన మట్టి కొండయ్యేది. ఆ కొండెక్కి మేసే జింకల్ని "ఇది ఎప్పటిదండీ?" అని అడిగితే, "మా తాతలనాటిది" అని చెప్పేవి.

మొదట్లో అతను తనకోసమే తవ్వుకునేవాడు. ఒకసారి ముసురులో తడిసి వణుకుతున్న కుందేళ్ళ కుటుంబానికి ఒక బొరియ తవ్వి ఇచ్చాడు. దాన్ని చూసి ముంగిసలు వచ్చాయి. ముంగిసల్ని చూసి ఏదుపందులు వచ్చాయి. దాంతో నూకరాజు పందికొక్కుల్ని పనిలో పెట్టుకుని, చెట్టుకి ఒక బెరడు పలక వేలాడదీశాడు: "నూకరాజు బొరియలు. తవ్వకం మాది, కాపురం మీది."

ఆ రోజుల్లో కంపెనీకి బోర్డూ లేదు, గీర్డూ లేదు. సాయంత్రమయ్యేసరికి ఉడుము అప్పాయమ్మ వచ్చి బొరియ నోటి దగ్గర కూర్చునేది. ఆవిడ నూకరాజుకి వరసకి పిన్ని. ఉడుముకి ఒక గుణం ఉంది. దేన్నైనా పట్టుకుందంటే వదలదు. రాయినైనా అంతే, ప్రశ్ననైనా అంతే.

"ఒరే నూకరాజూ, లోపలికి పోయే దారి చూశాను. నీళ్ళు పోయే దారేదిరా?"

"వానే లేదు కదా పిన్నీ."

"నీళ్ళు పోయే దారేదిరా?"

"రేపు చూస్తాలే."

"నీళ్ళు పోయే దారేదిరా?"

నూకరాజు బంతిలా చుట్టుకుపోయేవాడు. అప్పాయమ్మ కదిలేది కాదు. ఆకలేసి అతనే విప్పుకుని, గొణుక్కుంటూ వెళ్ళి, బొరియకి పల్లం వైపు ఇంకో నోరు తవ్వేవాడు. అలా అతను తవ్విన ప్రతి బొరియకీ రెండు నోళ్ళు ఉండేవి. ఎంత వానొచ్చినా లోపల కుందేలు చెవి తడిసేది కాదు. అడవంతా నూకరాజు తెలివిని మెచ్చుకునేది. నూకరాజు కూడా మెచ్చుకునేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు ఎలుగుబంటి భూషణంగారు వచ్చారు. ఆయనకి సొంత కొండవాలు ఉంది. ఆ కొండవాలు మీద ఉన్న తేనెపట్టులన్నీ ఆయనవే.

"ఏవయ్యా నూకరాజూ, ఎంతకాలం ఇలా ఇంటికొక కన్నం తవ్వుతూ కూర్చుంటావు? నా కొండవాలు ఇస్తాను. పనివాళ్ళకి తేనె నేను పోస్తాను. అడవి మొత్తానికి ఒకటే బొరియ తవ్వు. మహాబొరియ! వానాకాలం ముందే అందరూ అందులోకి దిగిపోవాలి."

నూకరాజు పొలుసులు నిక్కబొడుచుకున్నాయి. మహాబొరియ! ఆ మాట అతని చెవిలో ఎంత గట్టిగా మోగిందంటే, పక్కన నిలబడ్డ నక్కకి కూడా వినిపించింది.

"అయితే ఒక షరతు" అన్నారు భూషణంగారు. "నువ్వింక పెద్దవాడివి. నీకో బోర్డు ఉండాలి."

"బోర్డంటే ఏమిటండీ?"

"కొందరు పెద్దలు బండమీద కూర్చుని నిన్ను అడుగుతారు."

"ఏం అడుగుతారండీ?"

"అది నువ్వు ఎవర్ని కూర్చోబెట్టావన్నదాన్ని బట్టి ఉంటుంది."

నూకరాజు ఈ మాట అప్పుడు సరిగ్గా వినలేదు. తరవాత చాలా బాగా విన్నాడు.

మొదటి బోర్డులో భూషణంగారు ఉన్నారు, తేనె ఆయనది కనక. అప్పాయమ్మ ఉంది, మొదట్నుంచీ ఉంది కనక. గుడ్లగూబ విద్యాధరంగారు ఉన్నారు. ఆయన అడవిలో ప్రతి బోర్డులోనూ ఉన్నారు కనక ఇందులో లేకపోతే బాగుండదు. మహా మేధావి. ఒకసారి ఆలోచనలో పడితే చుట్టూ ఆకులు రాలిపోయేవట. సమావేశాలు పగటిపూట జరిగేవి కాబట్టి ఆయన నిద్రపోతూ ఆలోచించేవారు. చివర్లో ఒక కన్ను తెరిచి "బాగుంది, రాసుకోండి" అనేవారు. రాసుకునేవాళ్ళు మాత్రం అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

తీర్మానాలకి పద్ధతి తేలికే. ఎవరైనా ఒక మాట అంటారు. ఎక్కువ తలలు ఊగితే అది ఖాయం.

మొదటి సమావేశంలో నూకరాజు మహాబొరియ ఎలా ఉంటుందో తోకతో ఇసకమీద గీసి చూపించాడు. పై నుంచి విశాలమైన ముఖద్వారం. లోపల కుందేళ్ళ వీధి, ముంగిసల వీధి, మధ్యలో సభాస్థలం.

"నీళ్ళు పోయే దారేదిరా?" అంది అప్పాయమ్మ.

"పల్లం వైపు రాతిపొర ఉంది పిన్నీ. దాన్ని పగలగొట్టాలంటే ప్రారంభోత్సవం వానాకాలం దాటిపోతుంది."

"ప్రారంభోత్సవం జరిగి తీరాలి" అన్నారు భూషణంగారు.

"జరగనీ నాయనా. నీళ్ళు పోయే దారేదిరా?"

నూకరాజు చుట్టుకుపోయాడు. అప్పాయమ్మ వదల్లేదు. ఎండ బండ మీంచి దిగిపోయింది. విద్యాధరంగారు ఒక కన్ను తెరిచి, ఇంకా అదే ప్రశ్న నడుస్తోందని చూసి, మూసేసుకున్నారు. చివరికి నూకరాజు విప్పుకోకుండానే బండ మీంచి దొర్లుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో భార్య పైడమ్మ, తోకమీద పిల్లని ఎక్కించుకుని చీమలపుట్ట గోకుతోంది. అలుగుల్లో పిల్లలు అమ్మ తోకమీదే తిరుగుతారు.

"ఏమయ్యా, దొర్లుకుంటూ వచ్చావు? పిన్ని ఏదో అడిగిందా?"

"అడిగింది."

"జవాబు ఉందా?"

"ఉంటే నడిచే వచ్చేవాణ్ణి కదే."

పైడమ్మ పిల్లని సర్దుకుంది. "వానల్లో నేనూ పిల్లా కూడా ఆ మహాబొరియలోకే కదయ్యా వచ్చేది."

నూకరాజు మళ్ళీ చుట్టుకుపోయాడు.

మర్నాడు అతనికి ఒక ఉపాయం తోచింది. అలాంటి ఉపాయం అడవి పుట్టాక ఎవరికీ తోచలేదు. జవాబు దొరకనప్పుడు జవాబుకోసం వెతకడం దేనికి? అడిగేవాళ్ళని మార్చేస్తే పోలా?

అలా ఆలోచిస్తూ నడుస్తుంటే ఎండలో ఒక బండమీద తొండ వీర్రాజు కనిపించాడు. తొండలకి పుట్టుకతో వచ్చిన అలవాటు ఒకటి ఉంది. ఎండ తగిలితే చాలు, తల కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. వీర్రాజు తల ఊపుకి ఎదురుగా ఉన్న గడ్డి కూడా ఊగేది.

"వీర్రాజూ, బొరియల గురించి నీకు తెలుసా?"

వీర్రాజు తలూపాడు.

"నీళ్ళు ఎటు పోతాయో తెలుసా?"

తలూపాడు.

"అసలు నీకేమీ తెలీదు కదూ?"

ఇంకా గట్టిగా తలూపాడు.

నూకరాజు కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు బావా!"

తరవాతి సమావేశానికి వీర్రాజూ, అతని బావమరుదులూ, తోడల్లుళ్ళూ బండమీద వరసగా కూర్చున్నారు. వాళ్ళు కూర్చోడానికి చోటు చాలక బండే కొంచెం జరిగింది.

"వీళ్ళెవరయ్యా?" అన్నారు భూషణంగారు.

"స్వతంత్ర సభ్యులండీ."

"దేన్నుంచి స్వతంత్రం?"

"విషయం నుంచండీ."

భూషణంగారు చాలాసేపు తొండలవైపు చూశారు. తరవాత మెల్లిగా నవ్వారు. "మంచి బోర్డయ్యా. నువ్వనుకున్న దానికంటే మంచి బోర్డు."

నూకరాజు గొంతు సవరించుకుని మొదటి తీర్మానం పెట్టాడు. "మన అప్పాయమ్మ పిన్ని సేవలు ఈ కంపెనీ మర్చిపోలేదు. అందుచేత ఆవిణ్ణి శాశ్వత గౌరవ సలహాదారుగా నియమిస్తున్నాం. ఆవిడ ఆసనం కొండ కింద ముళ్ళపొద దగ్గర ఏర్పాటు చేస్తున్నాం."

ఎండ బాగా కాస్తోంది. తలలన్నీ ఊగాయి.

అప్పాయమ్మ అందరివైపూ ఒకసారి చూసింది. "నేను పోతే ఇక్కడ వద్దనేవాళ్ళెవరురా?"

"ఎవరూ ఉండరు. అదే కదా పిన్నీ హాయి."

"నీకు వద్దనేవాళ్ళు కావాల్సొచ్చిన రోజున కూడా ఉండరురా, నాయనా."

ఆవిడ లేచింది. గోళ్ళు బండని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, ఆవిడతోపాటు బండలో ఒక చెక్క ఊడి వచ్చింది. దాన్ని చంకలో పెట్టుకుని కొండ దిగి వెళ్ళిపోయింది.

ఇక చూడండి, సమావేశాలు ఎంత వేగంగా సాగాయో! నూకరాజు నోరు తెరిచేలోపు తీర్మానం ఖాయమైపోయేది. ఒకసారి ఆవలిస్తే అది కూడా ఆమోదించారు. మహాబొరియ ముఖద్వారం ఇంకా వెడల్పు చెయ్యాలన్నారు భూషణంగారు, ఆయన భుజాలు పట్టేలా. తలూపారు. పాత చిన్న బొరియలన్నీ పూడ్చెయ్యాలన్నాడు నూకరాజు, లేకపోతే జనం కొత్తదాంట్లోకి రారని. తలూపారు. "బాగుంది, రాసుకోండి" అన్నారు విద్యాధరంగారు.

మహాబొరియ పూర్తయింది. దాని లోతు గురించి ఏం చెప్పమంటారు! లోపల ఒక కప్ప బెకమంటే, ఆ చప్పుడు పైకి వచ్చేసరికి కప్పకి మనవలు పుట్టేవారు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే కుందేళ్ళు, ముంగిసలు, ఏదుపందులు పిల్లాపాపలతో లోపలికి దిగాయి. సొంత బొరియ కూడా పూడ్చేశారు కాబట్టి పైడమ్మ కూడా పిల్లని తోకమీద వేసుకుని దిగింది. అడుగుపెట్టేముందు వెనక్కి తిరిగి, "అడగనా?" అంది.

"వద్దు" అన్నాడు నూకరాజు.

వాళ్ళు లోపలికి వెళ్ళాక అతను ఒకసారి అన్ని వీధులూ తిరిగి చూశాడు. అట్టడుగున, రాతిపొర దగ్గర గోడకి చెయ్యి ఆనించాడు. గోడ చెమ్మగా ఉంది. వాన ఇంకా మొదలే కాలేదు. పైన ఎక్కడో ఉరిమింది.

తవ్వేవాడికి చెయ్యి అబద్ధం చెప్పదు. నూకరాజు బొరియలోంచి ఎంత వేగంగా పైకి వచ్చాడంటే, అతని నీడ ఆ రోజంతా అతన్ని వెతుక్కుంటూనే ఉంది. అప్పటికప్పుడు బోర్డుని పిలిచాడు. తూర్పున మబ్బు కమ్ముతున్నా, బండమీద మాత్రం ఇంకా ఎండ ఉంది.

"అందర్నీ బయటికి తీసుకురావాలి" అన్నాడు రొప్పుతూ. "ప్రారంభోత్సవం ఆపాలి. ముందు పల్లం వైపు నోరు తవ్వుతాను."

భూషణంగారు మెళ్ళో పూలదండ సర్దుకున్నారు. "పాపం, నూకరాజుగారు బాగా అలిసిపోయారు. పెద్ద కంపెనీ నడపడం చిన్న కన్నాలు తవ్వినట్టు కాదు. ఆయనకి విశ్రాంతి ఇద్దాం. ఇకమీదట కంపెనీ నేను చూసుకుంటాను."

తలలు ఊగాయి.

నూకరాజుకి మొదట అర్థం కాలేదు. "వీర్రాజూ! నిన్ను బోర్డులో పెట్టింది నేను కదరా!"

వీర్రాజు తలూపాడు.

"ఇది అన్యాయం కదా!"

తలూపాడు.

"మరి కంపెనీ నాదే అని చెప్పండ్రా!"

తలలన్నీ ఊగాయి. భూషణంగారు కంగారుపడ్డారు. అప్పుడు విద్యాధరంగారు, కంపెనీ చరిత్రలో మొదటిసారి, రెండు కళ్ళూ తెరిచారు.

"రెండూ నెగ్గాయి" అన్నారు. "కానీ ఎలుగుబంటిగారిది ముందు నెగ్గింది. బాగుంది, రాసుకోండి."

నూకరాజు చుట్టూ చూశాడు. వద్దనేవాళ్ళకోసం చూశాడు. అప్పాయమ్మ కూర్చునే చోట బండ చెక్క ఊడిన గుంట ఉంది. అదొక్కటే ఉంది.

అతను చుట్టుకుపోయాడు. బంతిలా ఉన్నాడు కాబట్టి బయటికి పంపడం తేలికైంది. భూషణంగారు అరికాలితో గౌరవంగా నెట్టారు. నూకరాజు కొండవాలు మీంచి దొర్లాడు, దొర్లాడు, దారిలో ముళ్ళకంపలు చదునైపోయి తరవాత అది బాటగా మారేంతగా దొర్లాడు. కొండ కింద దేనికో తగిలి ఆగాడు.

వాన మొదలైంది.

"నీళ్ళు పోయే దారేదిరా?" అంది అప్పాయమ్మ.

ఆవిడ ఆసనం అక్కడే కదా. ముళ్ళపొద పక్కన, రాతిపొర కొండలోంచి బయటికి తేలిన చోట కూర్చుని ఉంది. ఇన్నాళ్ళూ అక్కడే కూర్చుంది.

నూకరాజు అప్పటికే చుట్టుకుని ఉన్నాడు. ఇంకా చుట్టుకోడానికి ఏమీ మిగల్లేదు. మెల్లిగా మూతి బయటపెట్టాడు.

"లేదు పిన్నీ" అన్నాడు. "దారి లేదు. పైడమ్మా, పిల్లా లోపలున్నారు. కుందేళ్ళన్నీ లోపలున్నాయి. దారి నేనే తవ్వలేదు."

"ఎక్కడ తవ్వాలి?"

"నువ్వు కూర్చున్న చోట."

"అందుకే కదరా కూర్చున్నాను. పద."

అలాంటి తవ్వకం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు, ఇకమీదట చూడరు. అప్పాయమ్మ రాతిపొర పగుల్లో గోళ్ళు దించి వెనక్కి లాగింది. నూకరాజు ఆ సందులోకి మూతి పెట్టి తవ్వాడు. రాళ్ళు ఎగిరి పక్క అడవిలో పడ్డాయి. అక్కడివాళ్ళు వాటితో ఒక గోడ కట్టుకున్నారు. నిప్పురవ్వలు లేస్తే వాన ఒక్క క్షణం ఆగి, తలవంచి చూసి, మళ్ళీ కురిసింది. అతని గోళ్ళు అరిగాయి. అరిగిన గోళ్ళతోనే తవ్వాడు.

పైన మహాబొరియ విశాలమైన ముఖద్వారం కొండమీది నీళ్ళన్నిటినీ ఆహ్వానిస్తోంది. కాసేపు ఎండ, కాసేపు వాన పడుతోంది. భూషణంగారు బోర్డుని అడిగారు: "లోపలికి నీళ్ళు పోతున్నట్టున్నాయి కదూ?" తలలు ఊగాయి. "అయినా ఫరవాలేదు కదూ?" తలలు ఊగాయి. ఆయన స్థిమితపడ్డారు.

కింద రాతిపొర పగిలింది. ముందు బురద వచ్చింది. తరవాత నీళ్ళు వచ్చాయి. నీళ్ళతోపాటు ఒక ముంగిస, దాని వెనక వరసగా కుందేళ్ళు, చెవులు ముక్కులమీద అతుక్కుపోయి, తుమ్ముకుంటూ. ఏదుపందులు వచ్చాయి, ఒకరి ముళ్ళు ఒకరికి గుచ్చుకుంటున్నాయని తిట్టుకుంటూ.

పైడమ్మ రాలేదు.

నూకరాజు ఆ కన్నంలోకి తల దూర్చి అరిచాడు. నీళ్ళ హోరు తప్ప ఇంకేం వినపడలేదు. అప్పాయమ్మ అతని తోక పట్టుకుంది. ఆవిడ పట్టుకుంటే సంగతి తెలుసుగా. అతను లోపలికంటా వెళ్ళి, చీకట్లో, నీళ్ళలో చేతులు చాపి తడిమాడు. చేతికి ఒక బంతి తగిలింది. పొలుసుల బంతి.

బయటికి లాగాక ఆ బంతి చాలాసేపు విప్పుకోలేదు. తరవాత విప్పుకుంది. మధ్యలో పిల్ల, పొడిగా, ఆవలిస్తూ ఉంది.

పైడమ్మ మొగుడివైపు చూసింది. "ఇప్పుడు అడగనా?"

"అడుగు" అన్నాడు నూకరాజు. చుట్టుకోలేదు.

వాన వెలిశాక బోర్డు సమావేశమైంది. మహాబొరియకి పల్లం వైపు రెండో నోరు ఏర్పాటు చెయ్యడం భూషణంగారి దూరదృష్టికి నిదర్శనమని తీర్మానించారు. ఎండ బాగా కాసింది. ఏకగ్రీవం. విద్యాధరంగారు రాసుకోమన్నారు. మహాబొరియ మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. ఇప్పటికీ దానికి బోర్డు ఉంది, సమావేశాలు జరుగుతున్నాయి, కంపెనీ పురోగతి బాగుందని తలూపుతున్నారు.

నూకరాజు కొండ కింద మళ్ళీ చిన్న బొరియలు మొదలుపెట్టాడు. బెరడు పలక కొత్తది. బోర్డులో అప్పాయమ్మ ఒక్కతే. ఆవిడ అడుగుతుంది, అతను చుట్టుకుపోతాడు. పాత గుణం ఎక్కడికి పోతుంది? అప్పుడు అప్పాయమ్మా, పైడమ్మా చింతపిక్కలు ముందేసుకుని ఆడుకుంటూ కూర్చుంటారు. అతను విప్పుకున్నాక సమావేశం కొనసాగుతుంది.

నీతి: కంపెనీ పెద్దదయ్యేకొద్దీ బోర్డునిండా తలూపేవాళ్ళనే పెట్టుకోండి, మిమ్మల్ని గెంటేసే రోజున కూడా పని ఎక్కడా ఆగదు.

ఇక చేతులెత్తినవాళ్ళు దించచ్చు. ఇందులో ఒక్క అక్షరమైనా కల్పన ఉందనుకుంటే, ఎండ బాగా కాసే వేళ చూసుకుని ఆ కొండమీదికి వెళ్ళండి. ఇదంతా నిజమేనా అని అడగండి, తలూపుతాడు. సాక్షి పేరు తొండ వీర్రాజు.